పబ్లిసిటీ బట్టలు

బొద్దింకకి కాళ్ళు కుట్టడమే కష్టం. పొట్టయితే కుట్టు మిషను సూది కింద, బట్ట బిగించిన రింగుని అటూ ఇటూ ఆడిస్తూ పోతే దారంతో నిండిపోతుంది. కాళ్ళ దగ్గరికి వచ్చేసరికి చిన్నమ్మి ఊపిరి బిగబట్టేది. పెడలు మీద పాదం తేలిక చేసి, రింగుని వేళ్ళ కొసలతో వెంట్రుకవాసి జరుపుతూ, వంపు దగ్గర సూదిని ఆపి, మళ్ళీ కదిపేది. వెల్లకిలా పడి కాళ్ళు పైకెత్తిన బొద్దింక, దాని చుట్టూ ఎర్రటి సున్నా, కింద కంపెనీ పేరు. ఇళ్ళలోనూ హోటళ్ళలోనూ పురుగుల మందు కొట్టే ఆ కంపెనీ చిన్నమ్మి అన్నయ్యది. ఆమె కాపురం ఉంటున్నది ఆ అన్నయ్య ఇంటి వెనక రెండు గదుల్లో. ఆమె, ఆమె భర్త, కూతురు ఒంటి మీద వేసుకునేవి కూడా ఆ బొద్దింక ఉన్న బట్టలే.

ఒక సాయంత్రం కూతురు బడి నుంచి వచ్చి సంచీని మంచం మీద పడేసింది.

"శుక్రవారం నన్ను స్టేజీ ఎక్కిస్తున్నారు. మా క్లాసు తరఫున నేనే మాట్లాడాలి."

"అబ్బో! దేని గురించి?"

"నీళ్ళు వృథా చెయ్యకూడదని. అది సరేగానీ, ఏం వేసుకోవాలో చెప్పు. యూనిఫాం వద్దన్నారు."

"ఆ నీలం గౌను ఉందిగా. బట్ట ఎంత బాగుంటుంది!"

"బట్ట బాగానే ఉంటుంది. దాని మీద బొద్దింక ఉంది."

"అంత దూరం నుంచి ఎవరు చూస్తారే?"

"చూడక్కర్లేదు, అందరికీ తెలుసు. నన్ను పేరు పెట్టి పిలిచేది హాజరు వేసే టీచరొక్కరే. మిగతా బడికంతా నేను బొద్దింకనే."

కిటికీ దగ్గర కూర్చుని బాబిన్లకి దారం చుడుతున్న తండ్రి తలెత్తాడు. "పోనీలే, స్టేజీ మీద వెల్లకిలా మాత్రం పడకు. కంపెనీవాళ్ళు ఫొటో తీసుకుంటారు" అన్నాడు. పిల్ల నవ్వు ఆపుకోలేకపోయింది. అతనూ నవ్వబోయాడు, దగ్గు తెర అడ్డుపడింది. చిన్నమ్మి అన్నయ్య కంపెనీలోనే ఏళ్ళ తరబడి మందు కొట్టి తెచ్చుకున్న దగ్గు అది. ఒకసారి మొదలైతే మనిషిని ముందుకు వంచేదాకా వదలదు.

చిన్నమ్మి నీలం గౌను తీసుకుని గుమ్మంలో వెలుతురుకి కూర్చుంది. గౌనుని తిరగేసి, వెనకవైపు నుంచి బ్లేడు మొనతో ఒక్కొక్క కుట్టూ తెంపింది. ముందువైపు నుంచి దారం కొస పట్టుకుని లాగితే ముందు సున్నా వచ్చింది, తర్వాత మీసాలు, కాళ్ళు. పొట్ట దారం గట్టిగా పట్టేసి ఉంది. అది కూడా ఊడివచ్చాక దులిపి, నీళ్ళు చిలకరించి, ఇస్త్రీ చేసి చూసింది. గౌనంతా ఉతికి ఉతికి వెలిసింది, దారం కింద దాక్కున్న చోట మాత్రం కొత్త బట్టలా ముదురు నీలంగా ఉంది. సూది బెజ్జాలతో సహా బొద్దింక అచ్చంగా అక్కడే ఉంది.

పిల్ల వంగి చూసి, "దీనికంటే కుట్టిందే నయం" అంది.

చిన్నమ్మి పెట్టె వెతికి ఒక తెల్ల బట్ట ముక్క తీసింది. రెక్కలున్న పువ్వు కత్తిరించి, అంచులు మడిచి, ఆ మచ్చ మీద పెట్టి కుట్టింది. పిల్ల తొడుక్కుని అద్దంలో చూసుకుంది. పక్కకి తిరిగి చూసుకుంది. "నీళ్ళు ప్రాణాధారం" అని గొంతెత్తి మొదలుపెట్టింది. ఆ మాట పూర్తి కాకుండానే గుమ్మంలో అన్నయ్య నిలబడ్డాడు.

వెనక గదుల వైపు అన్నయ్య వచ్చేది తక్కువ. వచ్చినా గుమ్మం బయటి నుంచే మాట్లాడి వెళ్ళిపోతాడు. ఈసారి లోపలికొచ్చి మంచం మీద కూర్చున్నాడు. "ఏం బావా, ఎలా ఉంది దగ్గు?" అని కూడా అడిగాడు. అప్పుడు పిల్ల గౌను చూశాడు.

"ఆ బొమ్మ ఏదే?"

"బడిలో కార్యక్రమం ఉందన్నయ్యా. ఒక్క రోజుకి..."

"పీకేయ్ ఆ పువ్వు. మళ్ళీ కుట్టు. ఉన్నచోటే, ఉన్నంతే." తర్వాత గొంతు తగ్గించాడు. "నీ మీద కోపం కాదు చిన్నమ్మీ. పన్ను ఆఫీసు నుంచి మేడం వస్తోంది, సోమవారం. మీకిచ్చిన బట్టలన్నీ పబ్లిసిటీ ఖర్చు కింద చూపించాం. బొమ్మ ఉండాలి, మీరు వేసుకుని నలుగురిలో తిరగాలి. అప్పుడే అది ఖర్చవుతుంది. గుమాస్తా వచ్చి ఫొటోలు తీస్తాడు, కాస్త సహకరించండి."

"ఖర్చంటే?" అంది చిన్నమ్మి.

"అది నీకెందుకులే. అడిగితే పబ్లిసిటీకి వేసుకుంటున్నామని చెప్పు, చాలు."

అన్నయ్య వెళ్ళాక పిల్ల గౌను విప్పి తల్లి ఒడిలో పడేసింది. స్టేజీ మీద చెప్పాల్సిన మాటలు రాసుకున్న కాగితం తీసుకుని పక్క గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. చిన్నమ్మి పువ్వుని ఊడదీసింది. ముదురు నీలం మచ్చ మీద గీత గియ్యాల్సిన పని కూడా లేకపోయింది. ఉన్న అచ్చు మీదే కుట్టుకుంటూ పోయింది.

మర్నాడు గుమాస్తా వచ్చి కూరగాయల బజారుకి తీసుకెళ్ళాడు. గుమాస్తా పెద్దవాడు, మెత్తటి మనిషి, ఎవరితో మాట్లాడినా క్షమాపణ అడుగుతున్నట్టుంటుంది. చిన్నమ్మి చేత సంచీ పట్టించి, వంకాయలు ఏరుతున్నట్టు నిలబెట్టాడు.

"కాస్త ఇటు తిరగండమ్మా. పైట కొంచెం పక్కకి. అదీ, బొద్దింక కనబడుతోంది. వెనకాల జనం కూడా పడాలి."

వంకాయల మనిషి కొనేదేదో కొనమని కసిరాడు. ఇద్దరు ఆడవాళ్ళు ఆగి చూశారు. చిన్నమ్మి ఒక వంకాయ పట్టుకుని దాన్నే తిప్పి తిప్పి చూస్తూ నిలబడింది. ఎన్నేళ్ళుగానో వస్తున్న బజారే. ఇన్నేళ్ళూ తన రవికె మీద ఏముందో ఎవరి కంటా పడలేదని అనుకుంటూ వచ్చింది.

బస్సు స్టాపు దగ్గర ఇంకో ఫొటో తీశాక గుమాస్తా బెంచీ మీద కూర్చుని నుదురు తుడుచుకున్నాడు.

"ఆ శాలువాల్లో కూడా ఒక ఫొటో తీసేస్తే పని అయిపోతుందమ్మా."

"ఏ శాలువాలు?"

"పట్టు శాలువాలు. మఖమల్ కోటు కూడా ఉందిగా. మీ పేరు మీద ఉన్నవి."

చిన్నమ్మికి అర్థం కాలేదు. గుమాస్తా ఆమె మొహం చూసి అంతకంటే మెత్తగా అయిపోయాడు. "మీకు చెప్పలేదా? మీ వదినగారు కొనుక్కున్నవి అన్నీ మీకిచ్చినట్టు చూపించామమ్మా. మీరు కంపెనీ ప్రచారం చేసే మనుషులు. మీకిస్తే కంపెనీ ఖర్చు, దాని మీద పన్ను పడదు. ఆవిడ కొనుక్కుంటే సొంత ఖర్చు. అంతే తేడా."

"మేం ఎప్పటి నుంచి ప్రచారం చేస్తున్నాం?"

"మీరు వెనక గదుల్లోకి వచ్చిన దగ్గర్నుంచీ" అన్నాడు గుమాస్తా, బస్సు వస్తోందేమోనని రోడ్డు వైపు చూస్తూ.

చిన్నమ్మి ఇంటికి నడిచే వచ్చింది. దారి పొడుగునా వదిన మాటలే చెవిలో పడుతున్నాయి. ఎవరు చుట్టపుచూపుగా వచ్చినా వదిన చిన్నమ్మిని పిలిచి కాఫీలు తెప్పించి, ఆమె ఎదురుగానే చెప్పేది: "మా ఆడపడుచు ఇంటిల్లిపాదికీ బట్టలు ఈయనే కొనిస్తారు. నోరు తెరిచి అడగనివ్వరు. ఏం చిన్నమ్మీ?" చిన్నమ్మి తలూపేది. ఊరికే కాదు, మనసారా ఊపేది. ఆ బట్టలు చూసుకునే కదా వాళ్ళ వంటింట్లో అంట్లు తోమినా, వాళ్ళ దుప్పట్లు ఉతికినా ఎప్పుడూ పనిమనిషినన్న ఆలోచన రానివ్వలేదు.

శాలువాలు ఆ మధ్యాహ్నమే వచ్చాయి. వదిన వాటిని పసిబిడ్డని ఎత్తుకొచ్చినట్టు రెండు చేతుల మీద తెచ్చింది. వెనకే అన్నయ్య.

"మూలకి కుట్టవే. మడతలో పోయేలా, చిన్నగా" అంది వదిన.

"కనబడాలి" అన్నాడు అన్నయ్య. "భుజం మీద."

"భుజం మీదా? నేను మళ్ళీ కప్పుకోవాలా వద్దా?"

"పన్ను, దాని మీద జరిమానా కట్టమంటే కడతావా? కుట్టు చిన్నమ్మీ."

పట్టుకి రింగు బిగిస్తే దాని అచ్చు పడిపోతుంది. చిన్నమ్మి రింగుకి మెత్తటి గుడ్డ చుట్టింది, అడుగున పల్చటి కాగితం పెట్టింది, సన్న సూది మార్చింది. సూది మొదటిసారి దిగినప్పుడు వదిన "అమ్మా" అంది, ఎవరో తనని గుచ్చినట్టు. కళ్ళనీళ్ళు పెట్టుకుని బయటికి వెళ్ళిపోయింది. ఆ ఏడుపు చూస్తే నవ్వొస్తుందేమోనని చిన్నమ్మి భయపడింది. కానీ రాలేదు.

ఒక శాలువా అయ్యాక, దారం తెంపుతూ అడిగింది.

"అన్నయ్యా, ఇన్నేళ్ళూ మేం కంపెనీ పని చేసినట్టేనట కదా. గుమాస్తాగారు అన్నారు."

"అన్నాడా? నోట్లో నువ్వుగింజ నానదు వాడికి."

"అయితే ఈయన మందులకి కంపెనీ నుంచి ఏమైనా ఇవ్వచ్చేమో. డాక్టరు ఆ పీల్చే మందు మానొద్దన్నాడు. జీతం అనకపోయినా..."

అన్నయ్య నవ్వాడు. నిజంగానే నవ్వాడు, చిన్నప్పుడు ఆమె ఏదైనా తెలివితక్కువ మాట అంటే నవ్వినట్టు.

"ఎవరైనా వింటే నవ్విపోతారే. నా చెల్లెలివి నువ్వు. చెల్లెలికి జీతం ఇస్తారా ఎక్కడైనా?"

"మరి ఆ మేడంతో పబ్లిసిటీకని చెప్పమన్నావు."

"అది కాగితం మాట. మనిద్దరి మధ్య కాగితాలేంటి?" లేచి ఆమె తల మీద చెయ్యి వేసి, "రెండోదానికి కాస్త పెద్దగా కుట్టు" అని వెళ్ళాడు.

బాబిన్లు చుడుతున్న భర్త, చేతిలో ఉన్నది నిండిపోయి దారం పక్కకి జారుతున్నా చుడుతూనే ఉన్నాడు.

శుక్రవారం బడి ఆవరణలో షామియానా వేశారు. చిన్నమ్మి వెనక వరసలో కూర్చుంది. కూతురి పేరు పిలిచారు. పిల్ల మెట్లెక్కి మైకు ముందుకొచ్చింది. కాగితాన్ని రెండు చేతులతో గుండెల మీద అడ్డంగా పట్టుకుంది. కాగితం చూసి చదవాల్సిన అవసరం ఆ పిల్లకి లేదు, మాటలన్నీ కంఠతా వచ్చు. చిన్నమ్మికి అది తెలుసు.

గొంతు మొదట వణికింది, తర్వాత కుదురుకుంది. చెయ్యి కడుక్కునేటప్పుడు కుళాయి కట్టెయ్యని మాస్టారి మీద ఏదో జోకు వేసింది, జనం నవ్వారు. ముందు వరసలో కూర్చున్న పెద్దాయన తలూపాడు. చిన్నమ్మి తనకి తెలియకుండానే కుర్చీ అంచుకి జరిగింది.

అప్పుడు గుమాస్తా కనబడ్డాడు. కెమెరా పట్టుకుని, వంగి వంగి, అందరికీ క్షమాపణ చెప్పుకుంటూ స్టేజీ ముందుకి వచ్చాడు. ఒక మోకాలి మీద కూర్చుని చూశాడు. లేచి ఇంకోవైపు వెళ్ళాడు. చివరికి మెల్లగానే అన్నాడు గానీ మైకు ఆ మాటని షామియానా అంతటా వినిపించింది.

"కాగితం కాస్త కిందకి దించమ్మా. బొద్దింక పడట్లేదు."

పిల్లల వరసల్లో ఎవరో "బొద్దింకా!" అని అరిచారు. నవ్వు వెనక నుంచి ముందుకి పాకింది. ఇందాకటి నవ్వు కాదది. కూతురు జనంలో తల్లి కోసం వెతికింది. చిన్నమ్మి లేవాలి. లేచి ఏదో ఒకటి అనాలి, ఆ కెమెరాకి అడ్డంగానైనా నిలబడాలి. ఆ ఫొటో లేకపోతే సోమవారం ఏమవుతుందో, ఆ గదులు ఏమవుతాయో, ఆ లెక్కంతా మనసులో పూర్తయ్యేసరికి పిల్ల కాగితం దించేసింది. గుమాస్తా ఫొటో తీసుకున్నాడు. "థాంక్సమ్మా" అన్నాడు.

పిల్ల నోరు తెరిచింది. మాట రాలేదు. కాగితం చేతిలోనే ఉన్నా దాని వైపు చూడలేదు. టైం అయిందని గంట కొట్టాక దిగిపోయింది.

ఇంటికొచ్చేటప్పుడు తల్లి చెయ్యి పట్టుకోబోతే విడిపించుకుంది. "చూశావుగా" అంది.

సోమవారం పన్ను ఆఫీసు మేడం వచ్చింది. జలుబు చేసి ముక్కు ఎర్రబడి ఉంది, పని తొందరగా ముగించుకుని పోదామన్నట్టుంది. ముందు హాల్లో బల్ల మీద శాలువాలు, కోటు, చొక్కాలు, నీలం గౌను, పక్కన ఫొటోలు పేర్చి పెట్టారు. స్టేజీ మీద ఫొటో అన్నిటికంటే పైన ఉంది. అన్నయ్య మాట్లాడుతున్నాడు, వదిన కాఫీ పట్టుకుని నిలబడింది, గుమాస్తా గోడకి అంటుకుపోయాడు. చిన్నమ్మిని పిలిపించారు.

"ఈ బట్టలు వేసుకుని తిరగడం మీ పనా అమ్మా?" అంది మేడం, చేతిరుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకుని.

"అవునండీ, ప్రచారం కోసమే..." అన్నాడు అన్నయ్య.

"ఆవిణ్ణి చెప్పనివ్వండి."

చిన్నమ్మి బల్ల మీద ఫొటో చూసింది. అందులో కూతురి నోరు సగం తెరిచి ఉంది.

"పని కాదండీ" అంది. "మా అన్నయ్య కొనిచ్చాడు."

"కంపెనీ తరఫున?"

"కంపెనీ ఏంటండీ, సొంత అన్నయ్య. చెల్లెలికి జీతమిస్తారా ఎక్కడైనా? ప్రేమకొద్దీ ఇచ్చాడు. నోరు తెరిచి అడగనివ్వడు. కావాలంటే మా వదినని అడగండి, వచ్చినవాళ్ళందరికీ చెబుతుంది."

వదిన చేతిలో కప్పు సాసర్లో చప్పుడు చేసింది. అన్నయ్య "చిన్నమ్మీ" అన్నాడు, మెల్లగా, అర్థం కానట్టు. మేడం ఇప్పుడు కాస్త నిటారుగా కూర్చుంది.

"ఈ శాలువాలు?"

"మా వదినవండీ. బొమ్మ మొన్న నేనే కుట్టాను."

మేడం శాలువా తిరగేసింది. కుట్ల మధ్య అడుగు కాగితం తెల్లగా ఇంకా అంటుకునే ఉంది. గోటితో ఒక ముక్క గీరి, వేలి మీద పెట్టుకుని చూసి, ఊదేసింది. "సరేనమ్మా, మీరు వెళ్ళొచ్చు" అంది.

అన్నయ్య తిడతాడనుకుంది చిన్నమ్మి. తిట్టి ఉంటే బాగుండేది. సాయంత్రం గుమాస్తా ఒక పెద్ద గోనెసంచీతో వచ్చి గుమ్మం బయటే నిలబడ్డాడు.

"బట్టలు ఆఫీసువట. ఇచ్చెయ్యమన్నారమ్మా. గదులు కూడా నెలాఖరుకి... మందు డబ్బాలు పెట్టుకోవాలట."

చిన్నమ్మి ఇస్త్రీ పెట్టె వేడి చేసింది. ఉన్న బట్టలన్నీ ఒక్కొక్కటే ఇస్త్రీ చేసి మడతపెట్టి సంచీలో పేర్చింది. భర్త ఒంటి మీది చొక్కా కూడా విప్పి ఇచ్చాడు. బనీనుతో నిలబడి, "లోపల దగ్గుంది, అది కూడా కంపెనీదే. అది అక్కర్లేదా?" అన్నాడు. గుమాస్తా తల వంచుకున్నాడు.

కూతురు యూనిఫాంలోనే ఉంది. తల్లి వైపు చూసింది. ఏదో అనబోయి, ముందుకొచ్చి సంచీ మూతి పట్టుకుంది, తల్లి కట్టడానికి వీలుగా.

సైకిలు షాపు పైన ఒక గది దొరికింది. మిషనుని కిటికీ దగ్గర వేశారు. కింద నుంచి రోజంతా సుత్తి చప్పుడు, రబ్బరు వాసన. చిన్నమ్మి వీధిలో ఇంటింటికీ వెళ్ళి చెప్పొచ్చింది. చిరుగులు, జిప్పులు, దిండు గలేబులు వచ్చాయి. వారం గడిచేసరికి అవీ తగ్గాయి. పీల్చే మందు డబ్బాని భర్త చెవి దగ్గర ఊపి చూసుకుని, వాడకుండానే జేబులో పెట్టుకోవడం ఆమె చూసింది.

ఒక మధ్యాహ్నం మెట్ల మీద గుమాస్తా దగ్గు వినబడింది. మూట ఒకటి మోసుకొచ్చాడు.

"బజార్లో ఇద్దరి చేత కుట్టించి చూశారమ్మా. బొద్దింకకి కాళ్ళు కుదరలేదు. అది కుమ్మరి పురుగులా వచ్చింది." నవ్వబోయి మానేశాడు. "ఈసారి ఊరికే కాదు. బట్టకి ఇంతని ఇస్తారు. ముందుగానే ఇమ్మన్నారు."

"కట్టాల్సింది కట్టేశాడా అన్నయ్య?"

"కట్టారు. ఇప్పుడంతా పద్ధతి ప్రకారం చేస్తున్నారు. వేసుకునేవాళ్ళతో ముందే సంతకాలు తీసుకున్నాం."

"ఎవరు వేసుకునేవాళ్ళు?"

"మీ వదినగారి తమ్ముడి కుటుంబం. ఆయన పని పోయిందట పాపం. వెనక గదుల్లోకి వచ్చారు. డబ్బాలు మేడ మీదకి మార్చాం."

గుమాస్తా డబ్బిచ్చి వెళ్ళాక విప్పి చూస్తే, మూటలో మగ చొక్కాలు, ఆడవాళ్ళ రవికెలు ఉన్నాయి. అడుగున ఒక గౌను ఉంది, పసుపు రంగుది, నాలుగేళ్ళ పిల్లకి సరిపోయేది. ప్రతి దాని మీదా గుండెల నడిమికి సుద్దతో గుండ్రంగా గీత గీసి ఉంది.

కూతురు ఆ గౌను తీసి భుజాల దగ్గర పట్టుకుని చూసింది. తల్లి మోచేతి దగ్గరికొచ్చి నిలబడింది.

"అమ్మా, దీనికి చిన్నది కుట్టు. జేబు కిందకి. ఎవరికీ తెలీదు."

"కొలత వాళ్ళిచ్చింది."

"లోపలివైపు కుట్టు పోనీ. మడతలో."

"అలా కుడితే వెనక్కి పంపిస్తారు. డబ్బు కూడా తీసుకున్నాం."

"ఆ పిల్ల వచ్చే ఏడు బడికి వెళ్తుంది" అంది కూతురు.

చిన్నమ్మి పిల్ల చేతుల్లోంచి గౌను తీసుకుంది. పిల్ల వెంటనే వదల్లేదు. బట్ట ఇద్దరి మధ్యా ఒక్క క్షణం బిగిసింది, తర్వాత వదులైంది. మెట్లు దిగుతున్న పిల్ల చెప్పుల చప్పుడు సుత్తి చప్పుడులో కలిసిపోయింది.

భర్త కిటికీ లోంచి తొంగి చూశాడు. "వీధి చివరిదాకా పోయింది. పిలవనా?"

"వద్దు" అంది చిన్నమ్మి. సుద్ద గీత మీద రింగు బిగించి, బట్ట ఎక్కడా ముడత లేకుండా లాగింది. "వెలుతురుండగానే ఇవన్నీ అయిపోవాలి. ఎర్ర దారం అందుకో."